ముడులు నేర్పిన వారం

ఎనిమిదో తరగతి సగంలో నేను వదిలేసి వచ్చిన బడికి, ముప్పై ఏళ్ల తర్వాత నన్ను పాఠం చెప్పడానికి పిలిచారు. ఈ సంగతి ఇంట్లో చెబితే మా ఆవిడ నమ్మలేదు. నా ఫోన్ లాక్కుని పిలిచినవాడినే అడిగింది. నిజమేనని తేలాక ఫోన్ తిరిగిచ్చేస్తూ, "పోన్లే, అప్పుడొగ్గేసిన సగం ఇప్పుడు పూర్తి సేసుకో," అంది.

పిలిచినవాడు ఆ బడిలో లెక్కల మాస్టారు. స్కౌట్ పిల్లల బాధ్యత కూడా వాడిదే. చిన్నప్పుడు మా ఇద్దరిదీ ఒకే బెంచీ. నేను మానేశాక బెంచీ మీద చోటు పెరిగి, వాడికి చదువు బాగా పట్టిందని నా అభిప్రాయం. వాడు ఒప్పుకోడు. మాకు ఏ చుట్టరికమూ లేదు గానీ, బావా అంటే బావా అనుకుంటాం.

నాకు ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు ఉంది. లారీలకు టార్పాలిన్లు కుడతాను, చిరిగినవాటికి అతుకులు వేస్తాను, లోడు మీద పట్టా కప్పి తాళ్లు బిగిస్తాను. నేను కట్టిన లోడు రాయపూర్ వెళ్లేదాకా వేలెడు కదలదని డ్రైవర్లు చెప్పుకుంటారు. నేను కూడా చెప్పుకుంటాను, వాళ్లకంటే కాస్త ఎక్కువే. ఈ మాట వాడి చెవిన ఏనాడో పడింది. ఒక ఆదివారం పొద్దున్న స్కూటర్ మీద వచ్చి, హెల్మెట్ కూడా తీయకుండా షెడ్డు ముందు నిలబడ్డాడు.

విషయం ఏమిటంటే, వచ్చే శని, ఆదివారాలు సబ్బవరం దగ్గర పెద్ద స్కౌట్ క్యాంపు. చుట్టుపక్కల బడులన్నీ వస్తాయి, వందల మంది పిల్లలు వస్తారు. ఎవరి టెంటు వాళ్లే వేసుకోవాలి, ఎవరి వంట వాళ్లే వండుకోవాలి. పోయినేడు మావాడు పుస్తకం ముందు పెట్టుకుని, అందులో ఉన్నట్టే టెంట్లు కట్టించాడు. గాలి ఆ పుస్తకం చదవలేదు. టెంట్లు పిల్లల మీదే కూలాయి. క్యాంపు జరిగిన రెండు రోజులూ వాళ్లను వంటలు చేసే పాకలో పడుకోబెట్టారు. మిగతా బడుల పిల్లలు వీళ్లకు వంటపాక స్కౌట్లని పేరు పెట్టారు. ఆ పేరు బస్సెక్కి వీళ్లతోపాటే బడి ఉన్న వన్ టౌన్‌కి వచ్చింది.

ఈసారి హెచ్.ఎం. మేడమ్ ముందే తేల్చి చెప్పారట. బుధవారం సాయంత్రం బడి ఆవరణలోనే నాలుగు టెంట్లూ వేయాలి. గురువారం పొద్దున్న ఆవిడ వచ్చేసరికి నాలుగూ నిలబడి ఉంటేనే కాగితం మీద సంతకం పెడతారు. సంతకం లేకపోతే బస్సు లేదు, క్యాంపూ లేదు. ఇరవై నాలుగు మంది పిల్లలు అప్పటికే సంచులు సర్దుకుని కూర్చున్నారు.

"నా పరువు సంగతి ఒగ్గెయ్ బావా," అన్నాడు వాడు. "ఆ పిల్లలు మల్లీ ఆ పేరుతో ఒక ఏడాది తిరగలేరు."

అలా సోమవారం ఆఖరి గంట కొట్టాక నేను బడి గేటు దాటాను. లోపలికి వెళ్లడానికి ఇంత మర్యాద ఉంటుందని అప్పట్లో తెలిస్తే మానేసేవాడినే కాదు. పిల్లలు ఆరుగురికో జట్టు చొప్పున నాలుగు వరసల్లో నిలబడి ఉన్నారు. కొందరు సముద్రం ఒడ్డున చేపలు పట్టే పల్లెకారుల పిల్లలు, కొందరు వన్ టౌన్‌లోని ముస్లిం దుకాణదారుల పిల్లలు, కొందరు నాలాంటి పనివాళ్ల పిల్లలు. అందరూ సెల్యూట్ కొట్టారు. నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా పెద్దాఫీసరు వచ్చాడేమోనని.

ముందు వరసలో ఉన్న బొద్దు కుర్రాడు నేనేం చదువుకున్నానని అడిగాడు. ఏడు పూర్తిగా, ఎనిమిది సగం అన్నాను. మిగతా సగం ఎక్కడుందని అడిగాడు. మీ మాస్టారి దగ్గర దాచుకున్నానని చెప్పాను. ఆ నవ్వుతో పిల్లలు నా వాళ్లయిపోయారు. సార్ అనొద్దు, నాకు ఉలుకుపాటుగా ఉంటుంది అన్నాను. అక్కడి నుంచి నన్ను మావయ్య అన్నారు.

టెంట్లు ఎక్కడో గోదాములోంచి అడిగి తెచ్చినవి. మందపాటి నూలు గుడ్డవి, పాతవి. తాళ్లు కూడా తెల్లని నూలు తాళ్లే. ముట్టుకుంటే మెత్తగా, ముద్దుగా ఉన్నాయి. నేను పని మొదలుపెట్టిన నాటినుంచీ నా చేతిలో నలిగింది నైలాన్ తాడు. ఏదైనా తాడు తాడే కదా అనుకున్నాను. లారీ ముడి నేర్పాను. ఒక కాలు మేకుకు తన్నిపెట్టి, నడుము వెనక్కి వాల్చి, తాడు ఎలా లాగాలో చూపించాను. లాగాక వేలితో మీటితే తాడు మోగాలి. మోగకపోతే కట్టనట్టే. పిల్లలు లాగారు, మీటారు, చెవులు ఆనించి విన్నారు. రెండో రోజుకు ఆవరణంతా ఒక తాళ్ల కచేరీ అయింది.

ఒక్క టెంటు తప్ప. ఆ జట్టుకు పెద్ద, ఎనిమిదో తరగతి పిల్ల. పల్లెకారుల అమ్మాయి, సన్నగా ఉంటుంది, మాట తక్కువ. ముడి వేస్తే మాత్రం చూసి నేర్చుకోవాల్సిందే, అంత శుభ్రంగా పడేది. కానీ తాడు బిగించేది కాదు. నేను వెళ్లి మీటితే అది మోగకపోగా నా వేలికే జోలపాట పాడినట్టుండేది. బిగించమంటే బిగించేది. నేను అటు తిరగగానే మళ్లీ కాస్త వదిలేది. మూడుసార్లు చూశాను.

"ఇది టెంటేటి, ఉయ్యాలేటి?" అన్నాను మూడోసారి.

"మా ఇంటికాడ ఇలగే కడతాం మావయ్యా," అంది మెల్లగా.

"మీ ఇంటికాడ లారీ ఉందేటి?"

అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. ఇంకేదో చెప్పబోయి, తల వంచుకుని తాడు సర్దుకుంది. నాకేమో మాట బాగా పేలిందని సంతోషం. ఆ సాయంత్రం ఇంటికెళ్లి మా ఆవిడకు కూడా ఆ జోకు చెప్పాను. ఆవిడా నవ్వలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

ఇక్కడ సంచుల గురించి కొంచెం చెప్పాలి. మంగళవారం మా ఇద్దరికీ సంచుల తనిఖీ పడింది. దుప్పటి, కంచం, గ్లాసు, టార్చి, రెండు జతల బట్టలు, అంతే తెమ్మని మాస్టారు బోర్డు మీద రాశాడు. తల్లులు ఆ బోర్డు చూడలేదు కాబోలు. ఒక సంచిలో నిండుగా రుబ్బిన పిండి డబ్బా దొరికింది. అక్కడ పెనం ఎక్కడుందని అడిగితే, ఆ పిల్లాడు ఇంకో సంచిలోంచి పెనం తీశాడు. ఒక కుర్రాడి అమ్మ చలికి తట్టుకోలేడని మంచం మీది బొంత మొత్తం చుట్టి పంపింది. దాన్ని ఎత్తుకుంటే కుర్రాడు కనిపించడం లేదు, బొంతకు కాళ్లొచ్చి నడుస్తున్నట్టుంది. పల్లెలోంచి వచ్చిన నాలుగు సంచుల్లో ఎండు చేపలు. వన్ టౌన్ దుకాణం పిల్లాడి సంచిలో బిర్యానీ మసాలా పొట్లం, దాని మీద వాళ్ల అమ్మీ రాసిన చీటీ, ఏది ఎప్పుడు వేయాలో. మావాడు ఆ చీటీ చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇది మాత్రం ఉండనియ్ బావా అన్నాడు. పిండినీ పెనాన్నీ వెనక్కి పంపాం. బొంత విషయంలో మేం ఓడిపోయాం.

బుధవారం సాయంత్రం నాలుగు టెంట్లూ లేచాయి. మూడింటి తాళ్లు మోగుతున్నాయి. నాలుగోది ఆ పిల్లది, ఉయ్యాలే. నేనే వెళ్లి బిగించి వద్దామనుకున్నాను. ఈలోగా షెడ్డు నుంచి ఫోన్ వచ్చింది, లారీ వచ్చి నిలబడిందని. పోనీలే, ఇదొక్కటి పడితే ఆ పిల్లకు పాఠం వస్తుంది అనుకుని వచ్చేశాను. అవును, పడాలనే అనుకున్నాను. ఇది రాయకుండా దాటేస్తే నాకు నిద్ర పట్టదు.

మా ఊళ్లో ఈ కాలంలో అల్పపీడనం ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. ఆ రాత్రి పట్టుకున్నది పెద్ద వాన కాదు, గాలి లేదు. సన్నగా, ఓపిగ్గా పడుతూనే ఉంది. అటువంటి వానకు టెంటు పడదని ధీమాగానే ఉన్నాను.

గురువారం పొద్దున్న నేను వెళ్లేసరికి మూడు టెంట్లు నేల మీద ఉన్నాయి. మేకులు పన్ను పీకినట్టు వేర్లతో సహా పైకొచ్చేశాయి. ఒకదాని నడిమి కర్ర రెండు ముక్కలు. ఇంకోదాని గుడ్డ, తాడు కట్టే చోట మూరెడు చిరిగింది. నాలుగో టెంటు మాత్రం తడిసి, నిటారుగా, పెళ్లికి తయారైన మనిషిలా నిలబడి ఉంది.

హెచ్.ఎం. మేడమ్ అప్పటికే గొడుగు పట్టుకుని అక్కడున్నారు. ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. పిల్లలు ఇంటి దగ్గరే ఉంటారు మాస్టారూ, అని మావాడికి చెప్పి ఆఫీసు గదివైపు నడిచారు. ఇరవై నాలుగు మందీ ఉన్నచోటే నిలబడిపోయారు. ఎప్పుడూ నోరు మూయని బొద్దు కుర్రాడు కూడా తన బూట్లవైపు చూస్తున్నాడు. మావాడు మేకులు ఒక్కొక్కటే ఏరుతున్నాడు. ఆ మేకులతో వాడికి ఆ నిమిషంలో పనేమీ లేదు.

నా బుర్ర మొదట వెళ్లింది తప్పు ఎవరి మీద వేద్దామా అని. నేల మెత్తబడింది, మేకులు పొట్టివి, గుడ్డ పాతది. మూడు కారణాలు సిద్ధం చేసుకుని, పోనీ ఆ నాలుగోది ఎందుకు పడలేదో చూద్దామని వెళ్లాను. అలవాటు కొద్దీ తాడు మీటాను. మోగింది. నిన్న సాయంత్రం వేలాడిన తాడు, ఎవరూ ముట్టుకోకుండానే, నేను బిగించిన తాడులా మోగింది.

బురదలోనే గొంతుక్కూర్చున్నాను. ఆ పిల్ల పక్కనే ఉంది. ఇదేటని అడిగాను.

"నూలు తాడు కదా మావయ్యా, తడిత్తే కురసైపోద్ది," అంది. "మా నానమ్మ సేపలారేసే తాడు నూలుదే. మంచు పడతాదని సందేళ రోజూ వదులు సేసేత్తాది. నేకపోతే పొద్దున్నకి గుంజలూడొచ్చేత్తాయి."

"మరి నాకు సెప్పలేదేటే తల్లీ?"

"సెప్దామనే అనుకున్నాను. లారీ ఉందేటి అన్నారు కదా."

నైలాన్ తాడు తడిస్తే కాస్త సాగుతుంది. అందుకే మేం ఎప్పుడూ ఒక పట్టు ఎక్కువే బిగిస్తాం. నూలు దానికి పూర్తిగా తిరగబడి ఉంటుందని, నా పాతికేళ్ల పనిలో ఒక్కసారీ నా చేతికి తెలియాల్సిన అవసరం పడలేదు. నేను మోగించిన ప్రతి తాడూ వానలో ఇంకా ఇంకా ముడుచుకుని, తన మేకు తనే పీకేసుకుంది. ఆ పిల్ల నా మాట విని ఉంటే నాలుగూ పడేవి. కారణమేమిటో కూడా మాకు తెలిసేది కాదు. నా ఎదురుగా బిగించి, నా వెనక వదులు చేసిన ఆ మొండితనానికి ఇవాళ్టికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఆఫీసు గదికి వెళ్లాను. అప్పట్లో ఆ గదికి నేను వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు చెవి పట్టుకుని తీసుకెళ్లినదే. సొంత కాళ్ల మీద వెళ్లడం ఇదే మొదలు. తప్పు పిల్లలది కాదు, మాస్టారిది కాదు, నాదేనని చెప్పాను. లారీ కట్టినట్టు టెంట్లు కట్టించానని, నూలు తాడు సంగతి నాకు తెలియదని, తెలిసిన పిల్ల చెప్పబోతే నవ్వులాటకు కొట్టేశానని, అంతా చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆ పిల్లను పిలిపించి అన్నీ అడిగారు.

"రేపు మధ్యాహ్నం మళ్లీ కట్టండి," అన్నారు. "వాన రాకపోతే నీళ్లు నేనే పోయిస్తాను. కట్టించేది ఈ అమ్మాయి. మీరు మాత్రం తాడు ముట్టుకోకూడదు."

అంత న్యాయమైన శిక్ష నాకు ఆ గదిలో ఎప్పుడూ పడలేదు.

చిరిగిన గుడ్డ స్కూటర్ మీద వేసుకుని షెడ్డుకు పోయాను. ముట్టుకోవద్దన్నది తాడునే కదా, సూదిని కాదు. ఆ రోజు రెండు లారీలవాళ్లను రేపు రమ్మని పంపేశాను. లోపలొక పట్టీ, పైనొక పట్టీ వేసి, మూడు వరసల కుట్టు వేశాను. నేను కుట్టినవాటన్నిట్లోకీ అది చిన్న పని, అంత శ్రద్ధగా మాత్రం ఏదీ కుట్టలేదు. విరిగిన కర్రకు బదులు మావాడు ఎక్కణ్నుంచో సరుగుడు కర్ర సంపాదించి, చెక్కి, కొలతకు తెచ్చాడు. లెక్కల మాస్టారు కదా, కొలత వెంట్రుకవాసి తేడా లేదు. ఆ కర్ర చూసినప్పుడు, వాడి మీద నేను ముప్పై ఏళ్లుగా వేస్తున్న జోకుల్లో ఒక పది వెనక్కి తీసుకున్నాను. మిగతావి ఉన్నాయి.

శుక్రవారం వాన లేదు, ఎండ కాచింది. నేను అరుగు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల ఒక టెంటు దగ్గర నుంచి ఇంకో టెంటుకు తిరుగుతూ చెబుతోంది. గొంతు పెంచదు. చెప్పింది చేయకపోతే అక్కడే నిలబడుతుంది, చేసేదాకా కదలదు. నాకంటే మంచి పద్ధతి. పిల్లలకు కష్టమల్లా ఎంత వదలాలో తెలియకపోవడం. నేను నేర్పిన మోత ఇంకా వాళ్ల చెవుల్లో ఉంది, ఎంత వదిలినా భయమే.

అప్పుడే ఆ పిల్ల నానమ్మ వచ్చింది. చేపలన్నీ అమ్ముకుని ఇంటికి పోతూ, ఖాళీ గంప చంకన పెట్టుకుని, నేరుగా ఆవరణలోకి వచ్చేసింది. గంప నా పక్కన అరుగు మీద పెట్టి, నన్ను పైనుంచి కిందకి చూసింది.

"లారీలు కట్టీవోడివి నువ్వేనేటి?"

అవునన్నాను. ముసలామె వెళ్లి ఒక తాడు మీద అరచెయ్యి ఆనించి నొక్కింది. నాలుగు వేళ్ల మేర కిందికి దిగాలని పిల్లలకు చూపించింది. దిగకపోతే వదలాలి, ఎక్కువ దిగితే పట్టాలి. ఇరవై నాలుగు అరచేతులు తాళ్ల మీద పడ్డాయి. అంతవరకు చెవులతో కట్టిన పిల్లలు చేతులతో కట్టడం మొదలుపెట్టారు. ముసలామె అందరివీ చూసి, గంప ఎత్తుకుని, పొయ్యి మీద కూడుందని వెళ్లిపోయింది. నేను లేచి నిలబడి దండం పెట్టాను. చూసిందో లేదో తెలియదు.

మేడమ్ మొక్కలకు నీళ్లు పట్టే పైపు తెప్పించారు. ముందు తోటపని చేసే ఆయన పట్టాడు. ఆయన పట్టేది వాన కాదు, చినుకులని చెప్పి ఆవిడే కొంగు దోపుకుని పైపు అందుకున్నారు. టెంట్లు తడిశాయి, పిల్లలు తడిశారు, మావాడు తడిశాడు. అరుగు మీద ఉన్న నన్ను కూడా ఆవిడ పొరపాటున తడిపారు. రెండుసార్లు పొరపాటు పడ్డారు. పిల్లలు కేకలు వేస్తుంటే ఆవిడ ముఖంలో నవ్వు నేను చూశాను.

ఆ తర్వాత రెండు గంటలు ఎవరం ఇళ్లకు పోలేదు. నీళ్లు తాగిన తాళ్లు మెల్లగా, కంటికి తెలియకుండా, ఒళ్లు ముడుచుకుంటున్నాయి. వేలాడినవి సాఫీ అయ్యాయి, సాఫీ అయినవి నిగిడాయి. మేకులు కదల్లేదు. నేను కుట్టిన కుట్టు నిలబడింది. మేడమ్ నాలుగు టెంట్ల చుట్టూ తిరిగి, ప్రతి మేకూ చెప్పు మొనతో తన్ని చూశారు. కాగితం తెమ్మన్నారు. మావాడి వీపును బల్ల చేసుకుని సంతకం పెట్టారు. తడి చొక్కా మీద సిరా కొంచెం పాకింది, అయినా సంతకం సంతకమే. కాగితంలో వెంట వెళ్లే పెద్దల వరసలో రెండో గడి ఖాళీగా ఉంది. నావైపు చూసి, ఈయన పేరు కూడా రాయండి, చిరిగితే కుట్టడానికి మనిషి కావాలి కదా అన్నారు.

శనివారం పొద్దున్న బస్సు బయల్దేరింది. గాజువాక దాటేదాకా పాటలు, ఆ తర్వాత పులిహోర. సబ్బవరం దగ్గర మైదానం నిండా అప్పటికే జెండాలు, ఈలలు, గుంపులు. మాకిచ్చిన చోటు రెండో వరసలో ఉంది. పిల్లలు సంచులతో సహా దూకి పరుగెత్తారు. వంటకు తెచ్చిన పెద్ద అల్యూమినియం గిన్నె మా ఇద్దరికీ మిగిలింది. దాన్ని చెరోపక్క పట్టుకుని, దారిలో నలుగురికి అడ్డం తగిలి, మాటలు పడి, మేం అక్కడికి చేరేసరికి నాలుగు టెంట్లూ లేచి ఉన్నాయి. దగ్గర ఒక్క పిల్ల లేదు, పిల్లాడు లేడు. ఎక్కడో ఈల వేశారు, అందరూ జెండా దగ్గరికి పోయారు. సంచులు లోపల వరసగా సర్ది ఉన్నాయి. బొంత అన్నిటికంటే ముందు చోటు సంపాదించుకుంది.

మావాడు ఒక తాడు దగ్గర ఆగి అరచెయ్యి ఆనించి నొక్కాడు. నాలుగు వేళ్లు దిగింది.

"మనల్ని ఎవులూ పిలవనేదు బావా," అన్నాడు.

"పిలవక్కర్లేదు. ముందు గిన్నె దించు," అన్నాను. "సెయ్యి లాగేత్తంది."